"నేను టీచర్ని" అన్నప్పుడు "ని" ఉంది కదా, మరి "టీచర్" ఆబ్జెక్ట్ ఎందుకు కాదు?

మీ ప్రశ్నని నాకు అర్థమైన మేరకు మళ్ళీ చెబుతాను. మీరు టెట్‌కి చదువుతున్నారు. "ఐ యామ్ ఎ టీచర్" అన్న వాక్యంలో "ఎ టీచర్" ఆబ్జెక్ట్ కాదు, కాంప్లిమెంట్ (కర్త గానీ కర్మ గానీ ఎవరో, ఏమిటో చెప్పి వాక్యాన్ని పూర్తి చేసే మాట) అని గైడ్‌లో ఉంది. కానీ తెలుగులో "నేను టీచర్ని" అంటాం, "ని" ద్వితీయా విభక్తి, ద్వితీయ వచ్చేది కర్మకి, కాబట్టి అది ఆబ్జెక్టే కావాలి కదా అంటున్నారు. రెండోది, "దే మేడ్ హిమ్ కెప్టెన్"లో ఆబ్జెక్టులు ఒకటా, రెండా. మూడోది, పొడుగు వాక్యాల్లో ఆబ్జెక్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు.

ముందు జవాబులు. "ఎ టీచర్" ఆబ్జెక్ట్ కాదు. "నేను టీచర్ని"లోని "ని" ద్వితీయా విభక్తి కాదు, అదే ఆకారంలో ఉన్న వేరే ప్రత్యయం. "దే మేడ్ హిమ్ కెప్టెన్"లో ఆబ్జెక్ట్ ఒక్కటే, "హిమ్". "కెప్టెన్" ఆ మనిషి ఏమయ్యాడో చెప్పే మాట. ఇక హద్దు సంగతి: అనుమానం ఉన్న చోట "హిమ్, హర్, ఇట్, దెమ్"లలో ఒకటి పెట్టి చూడండి. ఆ ఒక్క మాట ఎన్ని మాటల్ని తనలో కలుపుకుంటే అవన్నీ కలిసి ఒకే ఆబ్జెక్ట్.

ఇప్పుడు కారణాలు. నేను ఇరవై రెండేళ్లుగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి ఇంగ్లీషు గ్రామర్ చెబుతున్నాను. మీరడిగిన ఈ "ని" సంగతి ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్లు తెలుగు వ్యాకరణం బాగా చదువుకున్నవాళ్లే అయి ఉంటారు. మీ సందేహం చాలా సరైన చోట పుట్టింది.

కొన్నేళ్ల కింద నర్సింగ్ చదివే ఒక అమ్మాయి సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేది. ఆ అమ్మాయి నోట్సులో ప్రతి ఇంగ్లీషు మాట కింద పెన్సిల్‌తో తెలుగు మాట ఉండేది. "ఐ" కింద నేను, "ఎ నర్స్" కింద నర్సుని. "యామ్" కింద మాత్రం ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ గుండ్రంగా గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. జవాబంతా ఆ ఖాళీలోనే ఉంది. "యామ్"కి సమానమైన మాట మన వాక్యంలో విడిగా లేదు. అది చేసే పనిని "నర్సుని"లోని "ని" చేస్తోంది.

నమ్మకం కుదరకపోతే కర్తని మార్చి చూడండి. నేను టీచర్ని. మేము టీచర్లం. నువ్వు టీచర్‌వి. ఆయన టీచర్. కర్త మారినకొద్దీ చివరి ప్రత్యయం మారుతోంది, ఆయన దగ్గరికి వచ్చేసరికి అసలు లేకుండా పోయింది. ఇప్పుడు రెండో వరుస. నేను టీచర్ని పిలిచాను. మేము టీచర్ని పిలిచాం. నువ్వు టీచర్ని పిలిచావు. ఆయన టీచర్ని పిలిచాడు. ఇక్కడ కర్త ఎవరైనా "టీచర్ని" అలాగే ఉంది. మారింది క్రియ చివర. అంటే మొదటి వరుసలో "ని, అం, వి" అన్నవి "వచ్చాను, వచ్చాం, వచ్చావు"లలో క్రియ చివర ఉండే ప్రత్యయాల పని చేస్తున్నాయి. క్రియ లేదు కాబట్టి నామవాచకానికి అంటుకున్నాయి. విభక్తి ఏదైనా కర్తని బట్టి మారుతుందా? మారదు. అందుకే మొదటి వరుసలోది విభక్తి కాదు.

అలాగే "నేను రాముణ్ణి", "నేను రాముణ్ణి చూశాను". మొదటిది నా పేరు చెప్పడం, రెండోది ఇంకొకర్ని చూడడం. రూపం ఒక్కటే, పని వేరు.

ఇంగ్లీషులో తేడా పట్టుకునే పద్ధతి

"హి మెట్ ఎ డాక్టర్", "హి బికేమ్ ఎ డాక్టర్" అన్న రెండు వాక్యాల్ని పక్కపక్కన రాసుకోండి. మొదటిదాంట్లో మనుషులు ఇద్దరు: కలిసినవాడు, డాక్టరు. రెండోదాంట్లో మనిషి ఒక్కడే. ఆ "హి"కీ "ఎ డాక్టర్"కీ మధ్యలో సమానం గుర్తు పెడితే అర్థం చెడదు. సమానం గుర్తు కుదిరితే కాంప్లిమెంట్, కుదరకపోతే ఆబ్జెక్ట్. మొదటి వడపోత ఇది.

రెండో వడపోత విశేషణంతో. ఆ నామవాచకం తీసేసి "రిచ్" పెట్టండి. "హి బికేమ్ రిచ్" నిలబడుతుంది. "హి మెట్ రిచ్" నిలబడదు. విశేషణం ఒంటరిగా ఆబ్జెక్ట్ స్థానంలో కూర్చోలేదు, కాంప్లిమెంట్ స్థానంలో హాయిగా కూర్చుంటుంది. సమానం గుర్తు పరీక్షలో తడబడే పిల్లలు కూడా దీంతో తప్పు చేయగా నేను పెద్దగా చూడలేదు.

మూడోది ప్యాసివ్, అంటే కర్మణి వాక్యం. ఆబ్జెక్ట్ అయితే ముందుకొచ్చి సబ్జెక్ట్ అవుతుంది: "ఎ డాక్టర్ వాజ్ మెట్ బై హిమ్". చెవికి బాగోకపోయినా వాక్యంగా తప్పు కాదు. "ఎ డాక్టర్ వాజ్ బికమ్ బై హిమ్" అన్నది మాత్రం వాక్యమే కాదు.

ప్యాసివ్ పరీక్షకి ఒక హెచ్చరిక. "హ్యావ్, ల్యాక్, ఫిట్, రిజెంబుల్" లాంటి కొన్ని క్రియల తరవాత వచ్చేది సమానం గుర్తు పరీక్షలో ఆబ్జెక్ట్‌లాగే తేలుతుంది కానీ ప్యాసివ్‌లోకి రాదు. "ఐ హ్యావ్ ఎ సైకిల్"ని తిప్పి "ఎ సైకిల్ ఈజ్ హ్యాడ్ బై మీ" అనలేం. కాబట్టి ప్యాసివ్ వస్తే అది ఆబ్జెక్ట్ అని గట్టిగా చెప్పొచ్చు. రాకపోతే మాత్రం ఆబ్జెక్ట్ కాదని వెంటనే తీర్పు ఇవ్వకండి.

"వే" అన్న క్రియ దగ్గర మన తెలుగు చాలా సాయం చేస్తుంది. "ది బ్యాగ్ వేస్ టెన్ కిలోస్" అంటే సంచి పది కిలోలు తూగుతుంది. "ది షాప్‌కీపర్ వేయ్డ్ ది బ్యాగ్" అంటే కొట్టతను సంచి తూచాడు. మనకి తూగడం వేరు, తూచడం వేరు. తూగడం అకర్మకం, తూచడం సకర్మకం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే క్రియ. కాలు, కాల్చు, మారు, మార్చు, తెగు, తెంచు, పగులు, పగలగొట్టు: ఇలాంటి జంటలు మనకి ఎన్నో ఉన్నాయి. ఇంగ్లీషు క్రియ దగ్గర అనుమానం వస్తే, ఆ చోట తెలుగులో మీ నోటికి ఏది వస్తుందో గమనించండి. "తూచు" వస్తే వెనక ఆబ్జెక్ట్ ఉంది. "తూగు" వస్తే "టెన్ కిలోస్" కొలత మాత్రమే.

ఇంకో చిన్న మినహాయింపు. ఆబ్జెక్ట్ స్థానంలో "మీ, హిమ్" వస్తాయనీ, కాంప్లిమెంట్ స్థానంలో "ఐ, హి" రావాలనీ పాత గ్రామర్ పుస్తకాల్లో ఉంటుంది: "ఇట్ ఈజ్ ఐ". ఈ రోజుల్లో మాట్లాడేవాళ్లు "ఇట్స్ మీ" అనే అంటారు. పరీక్షలో పాత రూపం అడగొచ్చు, మాటల్లో అలా అనక్కర్లేదు. "మీ" కనిపించింది కదా అని అక్కడ ఆబ్జెక్ట్ ఉందనుకోకండి.

"దే మేడ్ హిమ్ కెప్టెన్"

మీ రెండో ప్రశ్న నాకు మొదటిదానికంటే ఇష్టమైనది. దీనికి "మేక్" అన్న ఒక్క క్రియతో నాలుగు వాక్యాలు బోర్డు మీద రాస్తుంటాను.

"షి మేడ్ ఎ గుడ్ దోస": మంచి దోసె వేసింది.

"షి మేడ్ ఎ గుడ్ టీచర్": మంచి టీచరనిపించుకుంది.

"షి మేడ్ హిమ్ ఎ గుడ్ దోస": అతనికి మంచి దోసె వేసి పెట్టింది.

"షి మేడ్ హిమ్ ఎ గుడ్ కుక్": అతన్ని మంచి వంటవాణ్ణి చేసింది.

ఇంగ్లీషు వైపు చూస్తే మొదటి రెండింటికీ ఆకారంలో తేడా లేదు, చివరి రెండింటికీ లేదు. తెలుగు వైపు చూడండి, ఏ రెండూ ఒకలా లేవు. మొదటిదాంట్లో దోసె ఆబ్జెక్ట్. రెండోదాంట్లో ఆమే టీచర్, సమానం గుర్తు కుదిరింది, కాంప్లిమెంట్. మూడోదాంట్లో "హిమ్" దగ్గర మనకి "కి" వచ్చింది: అతనికి. అది ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్, దోసె డైరెక్ట్ ఆబ్జెక్ట్, మొత్తం రెండు ఆబ్జెక్టులు. నాలుగోదాంట్లో "హిమ్" దగ్గర "ని" వచ్చింది: అతన్ని. అతనూ వంటవాడూ ఒక్కరే. కాబట్టి "హిమ్" ఆబ్జెక్ట్, "ఎ గుడ్ కుక్" ఆ ఆబ్జెక్ట్‌ని వర్ణించే కాంప్లిమెంట్.

మీకు తిరకాసు అనిపించింది ఈ నాలుగో రకంతోనే అనుకుంటాను. "వాణ్ణి కెప్టెన్ని చేశారు" అంటే తెలుగులో "ని" రెండుసార్లు వస్తుంది. ఇక్కడ రెండూ నిజంగా ద్వితీయలే. ఎందుకంటే తెలుగులో ఇలా వర్ణించే నామవాచకం కూడా తాను వర్ణించే కర్మ విభక్తినే తొడుక్కుంటుంది. రెండూ ఒకే మనిషివి కదా. అందుకని "ని"లు లెక్కపెట్టి ఆబ్జెక్టులు రెండు అనుకుంటే పొరపాటు. మనుషుల్ని లెక్కపెట్టండి. కెప్టెన్ వేరే మనిషి అయితే రెండు, వాడే అయితే ఒకటి.

ప్యాసివ్ కూడా ఇదే చెబుతుంది. "హి వాజ్ మేడ్ కెప్టెన్" అనొచ్చు. "కెప్టెన్ వాజ్ మేడ్ హిమ్" అనలేం. అదే "దే గేవ్ హిమ్ ఎ ప్రైజ్" అయితే "హి వాజ్ గివెన్ ఎ ప్రైజ్" అనొచ్చు, "ఎ ప్రైజ్ వాజ్ గివెన్ టు హిమ్" అనీ అనొచ్చు. ఆబ్జెక్టులు రెండున్నచోట దారులు రెండు, ఒకటే ఉన్నచోట ఒకటే. "మేక్, ఎలెక్ట్, అపాయింట్, నేమ్, కాల్, కన్సిడర్" నాలుగో రకంలో తరచూ వస్తాయి. "రిగార్డ్" కూడా అర్థంలో ఈ కుటుంబమే కానీ మధ్యలో "యాజ్" కావాలి: "దే రిగార్డ్ హిమ్ యాజ్ ఎ స్కాలర్".

రెండు ఆబ్జెక్టుల దగ్గర మన క్లాసుల్లో రోజూ వినిపించే తప్పు ఒకటుంది. "సార్, ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ సమ్." "గివ్ మీ", "టెల్ మీ", "షో మీ" అన్నీ వస్తాయి కదా, "ఎక్స్‌ప్లెయిన్ మీ" ఎందుకు రాదు అని అడుగుతారు. గివ్, టెల్, షో, సెండ్, టీచ్ ఇంగ్లీషు సొంత మాటలు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్ లాటిన్ నుంచి వచ్చినవి. ఇలా వచ్చినవాటిలో చాలా వరకు రెండు ఆబ్జెక్టుల్ని పక్కపక్కన నిలబెట్టుకోవు. "ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మీ" అనాలి. మనకి అచ్చతెలుగు మాటకీ తత్సమానికీ సమాసాల దగ్గర పద్ధతులు వేరుగా ఉన్నట్టే ఇది కూడా. అయితే ఇదే సూత్రమని పట్టుకు వేలాడకండి, "ఆఫర్" కూడా లాటిన్ నుంచి వచ్చిందే, "ఆఫర్ మీ ఎ జాబ్" తప్పు కాదు.

అసలు మనకి ఈ తికమక ఎందుకు

తెలుగులో మాట పనిని దాని తోక చెబుతుంది. ఇంగ్లీషులో అది నిలబడ్డ చోటు చెబుతుంది. "పులి ఆవును చంపింది" అన్నా "ఆవును పులి చంపింది" అన్నా చచ్చింది ఆవే. ఇంగ్లీషులో ఆ రెండు మాటల చోట్లు మారిస్తే పులి చస్తుంది.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. పాత ఇంగ్లీషులో మనలాగే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక రెండు మూడు వందల ఏళ్లలో అవి దాదాపు అన్నీ రాలిపోయాయి, ఆ బరువు మాటల వరుస మీద పడింది. మిగిలినవి "మీ, హిమ్, హర్, అస్, దెమ్, హూమ్" లాంటి కొద్ది సర్వనామాలే. "అతన్ని" అనడానికి పాత ఇంగ్లీషులో "హినె" అని వేరే రూపం ఉండేది, "హిమ్" అంటే "అతనికి". తరవాత "హినె" పోయి, "హిమ్" ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. మూడో, నాలుగో దోసె వాక్యాల్లో ఒకే "హిమ్"ని మనం ఒకచోట "అతనికి" అనీ ఇంకోచోట "అతన్ని" అనీ తెలుగులోకి తెచ్చుకోవాల్సి రావడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. మన ద్వితీయ కూడా అన్నిచోట్లా కనపడదు. "పుస్తకం చదివాను", "ఇల్లు కట్టాడు", "అన్నం తిన్నాం" అంటాం, "పుస్తకాన్ని" అని ప్రతిసారీ అనం. జడాలకి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఉంది. మనుషులకీ జంతువులకీ మామూలుగా "ని" వదలం, వస్తువులకి తరచూ వదిలేస్తాం. కాబట్టి "ని" ఉంటేనే కర్మ అన్న లెక్క తెలుగులోనే సరిగ్గా నడవదు. ఇంగ్లీషుకి దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఇంకా దెబ్బతింటాం.

"నాకు ఈ పాట ఇష్టం", "నాకు ఇంగ్లీషు వచ్చు" లాంటివి ఇంకా దూరం. తెలుగులో "పాట" ప్రథమలో ఉంది, మనిషికి "కు" వచ్చింది. ఇంగ్లీషులో "ఐ లైక్ దిస్ సాంగ్": మనిషి సబ్జెక్ట్, పాట ఆబ్జెక్ట్. ఇక్కడ మాటకి మాట వేసుకుంటూ పోతే ఏదీ కలవదు. వాక్యం మొత్తాన్ని ఒకేసారి మార్చుకోవాలి.

మన "కి, తో, గురించి" ఇంగ్లీషులోకి జారిపోవడం వల్ల వచ్చే తప్పుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పరీక్షలో తప్పు దిద్దమనే ప్రశ్నల్లో ఇవి తరచూ వస్తాయి. అమ్మకి ఫోన్ చేశాను: "ఐ కాల్డ్ టు మై మదర్" అనేస్తాం. నాకు సాయం చేశాడు: "హి హెల్ప్డ్ టు మీ". ఊరికి చేరాం: "వి రీచ్డ్ టు ది విలేజ్". డాక్టరుతో పెళ్లయింది: "షి మ్యారీడ్ విత్ ఎ డాక్టర్". వీటన్నిటిలో "టు", "విత్" తీసేయాలి. కాల్, హెల్ప్, రీచ్, మ్యారీ, టెల్, ఆన్సర్, ఎంటర్: ఇవి నేరుగా ఆబ్జెక్ట్‌ని పట్టుకునే క్రియలు.

"డిస్కస్ ఎబౌట్" సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. "దాని గురించి చర్చించాం" కాబట్టి "వి డిస్కస్డ్ ఎబౌట్ ఇట్" అంటాం. కానీ చిన్నప్పుడు వల్లె వేసిన విభక్తుల పట్టిక గుర్తు తెచ్చుకోండి: నిన్, నున్, లన్, కూర్చి, గురించి, ద్వితీయా విభక్తి. "గురించి" ద్వితీయలోదే! మన పట్టిక ప్రకారం చూసినా అది కర్మకి వచ్చే ప్రత్యయమే. "వి డిస్కస్డ్ ఇట్" అంటే "గురించి" లోపల ఉన్నట్టే, మళ్ళీ "ఎబౌట్" అక్కర్లేదు. ఈ ఒక్క మాట చెప్పాక ఆ తప్పు మళ్ళీ చేసినవాళ్లు నా క్లాసులో తక్కువ. అయితే "టాక్, థింక్" లాంటివాటికి "ఎబౌట్" కావాలి. ఏ క్రియకి ఏమిటన్నది ఆ క్రియతోపాటే నేర్చుకోవాలి.

ఎదురు తప్పులూ ఉన్నాయి. "పాటలు వింటున్నాను" కాబట్టి "ఐ యామ్ లిజనింగ్ సాంగ్స్", "నన్ను చూడు" కాబట్టి "లుక్ మీ". ఇక్కడ "లిజనింగ్ టు", "లుక్ యట్" కావాలి.

పొడుగు ఆబ్జెక్ట్ హద్దులు

తెలుగులో వర్ణన అంతా నామవాచకానికి ముందు వస్తుంది. "నాకు పదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు" అన్నప్పుడు అసలు మాట చివర ఉంది. అది రాగానే ఆ పదబంధం అయిపోయిందని చెవికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కొంత ముందు, చాలా భాగం వెనక: "ది ఓల్డ్ టీచర్ హూ టాట్ మీ మ్యాథ్స్ ఇన్ టెన్త్ క్లాస్". "టీచర్" దగ్గర ఆగిపోవడం మనవాళ్లకి అలవాటు, ఎందుకంటే మన వినికిడికి నామవాచకం వచ్చిందంటే ఆ ముక్క పూర్తయినట్టే. "ఐ మెట్" తరవాత ఇదంతా ఉంటే, "టీచర్" ఒక్కటే ఆబ్జెక్ట్ అనీ, "మీ", "మ్యాథ్స్" కూడా "మెట్"కి ఆబ్జెక్టులేనేమో అనీ రాసేవాళ్లున్నారు. "హిమ్" పెట్టి చూడండి. "ఐ మెట్ హిమ్." "ది" నుంచి "క్లాస్" వరకు అన్నీ ఆ "హిమ్"లో కలిసిపోయాయి. అంతా ఒక్క ఆబ్జెక్ట్. "మీ", "మ్యాథ్స్" లోపలి క్రియ "టాట్"కి ఆబ్జెక్టులు, బయటి "మెట్"కి కావు. వాక్యంలో రెండు క్రియలుంటే ఎవరి ఆబ్జెక్ట్ వారిది.

ఇక్కడొక సూక్ష్మం. సర్వనామం నామవాచకం బదులు వస్తుందని చిన్న క్లాసుల్లో చెబుతారు. నిజానికి అది మొత్తం నామవాచక పదబంధం బదులు వస్తుంది. "ది ఓల్డ్ హిమ్ హూ టాట్ మీ" అనలేకపోవడమే దానికి రుజువు.

కొన్ని వాక్యాలు రెండు రకాలుగా విడిపోతాయి. "షి ఫౌండ్ ది కీస్ ఆన్ ది టేబుల్." ఒక అర్థంలో "షి ఫౌండ్ దెమ్ ఆన్ ది టేబుల్": తాళాలు బల్ల మీద దొరికాయి. ఇంకో అర్థంలో "షి ఫౌండ్ దెమ్": బల్ల మీదున్న తాళాలు దొరికాయి, ఎక్కడ దొరికాయో చెప్పలేదు. మొదటిదాంట్లో "ఆన్ ది టేబుల్" ఆబ్జెక్ట్ బయట, రెండోదాంట్లో లోపల. తెలుగులో ఈ రెండూ కలవవు. "మీద" అంటే ఒకటి, "మీదున్న" అంటే ఇంకొకటి. పరీక్షలో ఇలాంటిది వస్తే ముందు తెలుగులో చెప్పుకోండి. నోటికి "మీద" వచ్చిందో "మీదున్న" వచ్చిందో దాన్ని బట్టే హద్దు తేలుతుంది.

క్రియ తరవాత నామవాచకం కనిపించినంత మాత్రాన ఆబ్జెక్ట్ కాదు. "హి వర్క్డ్ ఆల్ నైట్", "వి వాక్డ్ టూ కిలోమీటర్స్", "ఐ విల్ కమ్ నెక్స్ట్ వీక్": ఇవి ఎంతసేపు, ఎంతదూరం, ఎప్పుడు అన్నవాటికి జవాబులు. ఏమిటి, ఎవర్ని అన్నవాటికి కావు.

వర్ణించే నామవాచకం ఆబ్జెక్ట్ పక్కనే కామాతో వస్తే ఇంకో రకం. "ఐ కాల్డ్ మై బ్రదర్, ఎ డాక్టర్" అంటే డాక్టరైన మా తమ్ముడికి ఫోన్ చేశాను. "ఐ కాల్డ్ మై బ్రదర్ ఎ డాక్టర్" అంటే మా తమ్ముణ్ణి డాక్టర్ అని పిలిచాను. రెండింటిలోనూ తమ్ముడూ డాక్టరూ ఒక్కరే, సమానం గుర్తు రెండింటికీ కుదురుతుంది. కానీ మొదటిదాంట్లో "ఎ డాక్టర్" ఆబ్జెక్ట్ లోపలే ఉండి అదనపు వివరం ఇస్తోంది, తీసేసినా వాక్యం అర్థం అదే. రెండోదాంట్లో తీసేస్తే పిలవడం పోయి ఫోన్ చేయడం మిగులుతుంది. సమానం గుర్తు పరీక్ష తరవాత, ఇలా తీసి చూసే పరీక్ష కూడా చేయమనేది దీనివల్లే.

చివరగా, మాట్లాడేటప్పుడు మనం ఆబ్జెక్ట్‌ని మింగేస్తాం. "పుస్తకం తెచ్చావా?" "తెచ్చాను." తెలుగులో ఇది నిండు వాక్యం. ఇంగ్లీషులో "యెస్, ఐ బ్రాట్" సగంలో ఆగిపోయినట్టుంటుంది, "ఐ బ్రాట్ ఇట్" అనాలి. "ఐ లైక్డ్", "వి ఎంజాయ్డ్" కూడా అంతే. టీచర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళే నా విద్యార్థులకి వారం రోజులు ఒకటే పని చెబుతాను: "ఇట్" వదలకుండా మాట్లాడండి అని.

మీరు ఈ మూడు చేసి కింద రాయండి, దిద్దుతాను. "ది విలేజర్స్ కన్సిడర్ ది మ్యాన్ హూ బిల్ట్ దట్ ట్యాంక్ ఎ సెయింట్." "మై సిస్టర్ బాట్ అస్ టికెట్స్ లాస్ట్ వీక్." "హి రిమెయిన్డ్ మై ఫ్రెండ్ ఆల్ హిజ్ లైఫ్." మొదటిదాంట్లో ఆబ్జెక్ట్ ఏ మాట దగ్గర ముగుస్తుందో ప్రత్యేకంగా చెప్పండి, దాన్ని తెలుగులోకి కూడా మార్చి, "ని" ఎన్నిసార్లు వచ్చిందో రాయండి.